హాల్లో స్పీకర్ల సెట్ ఉంది, దానికి తోడుగా రాత్రిళ్లు వినడానికి మంచి హెడ్‌ఫోన్ ఏది?

రాత్రి_శ్రోత
అందరికీ నమస్తే. మాది హైదరాబాద్‌లో ఫ్లాట్. హాల్లో కేఈఎఫ్ ఎల్ఎస్50 స్పీకర్లు, నాన్నగారు 1980ల్లో కొన్న జపాన్ యాంప్లిఫయర్, ఒక టర్న్‌టేబుల్, లాప్‌టాప్‌కి తగిలించే చిన్న డీఏసీ (డిజిటల్ పాటను యాంప్‌కి పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే పెట్టె) ఉన్నాయి. వీటితో నాకే లోటూ లేదు. కానీ పాప పుట్టి ఆర్నెల్లయింది. రాత్రి తొమ్మిది దాటితే వాల్యూమ్ ముట్టుకునే వీల్లేదు, నాకు తీరిక దొరికేదేమో అప్పుడే.

ఎక్కువగా వినేది వీణ, గాత్ర కచేరీలు, పాత రేడియో రికార్డింగులు, 80ల నాటి సినిమా పాటలు. బడ్జెట్ 80,000 రూపాయలు. సెన్‌హైజర్ హెచ్‌డీ 600, హైఫైమాన్ సుందర, సెకండ్ హ్యాండ్‌లో దొరికితే ఫోకల్ క్లియర్. ఈ మూడింటి మధ్య ఊగిసలాడుతున్నాను. ఉన్న యాంప్‌కే తగిలించాలని నా ఆశ. వాడినవాళ్లు చెప్పండి.

గోదారిగట్టు
మోడల్ సంగతి తర్వాత. మీరు వినేది పాప పడుకునే గదిలోనేనా? వినేటప్పుడు ఫ్యాన్ తిరుగుతుందా? మీరు రాసిన మూడూ ఓపెన్ బ్యాక్. లోపలి పాట బయటికి వస్తుంది, బయటి చప్పుడు లోపలికి వస్తుంది. నేను మొదటిసారి ఇది తెలియకుండానే కొని, పక్కన మంచం మీద అమ్మ పడుకుని ఉంటే ఇబ్బంది పడ్డాను.

రాత్రి_శ్రోత
లేదండీ, హాల్లోనే కూర్చుంటాను. బెడ్‌రూమ్ తలుపు దగ్గరగా వేసి ఉంటుంది. మా ఆవిడ రోజంతా అలిసిపోయి పడుకుంటుంది కాబట్టి పాప లేస్తే మొదట నాకు వినిపించాలి.

గోదారిగట్టు
అయితే ఓపెన్ బ్యాకే తీసుకోండి, ఇంకో ఆలోచన వద్దు. క్లోజ్‌డ్ పెట్టుకుంటే పాప ఏడుపు వినపడదు.

కోఠి_సాల్డరింగ్
ఇరవై ఏళ్లుగా పాత యాంపులు బాగు చేస్తున్నాను, ఆ అనుభవంతో చెబుతున్నా. మీ ప్రశ్నకు సగం జవాబు ఆ 1980ల యాంప్‌లోనే ఉంది.

ఆ కాలం యాంపుల్లో చాలావాటికి హెడ్‌ఫోన్ కోసం విడిగా సర్క్యూట్ ఉండదు. స్పీకర్లకు వెళ్లే సిగ్నల్‌నే ఒక రెసిస్టర్ గుండా జాక్‌కి పంపుతారు. దానివల్ల జాక్ అవుట్‌పుట్ ఇంపీడెన్స్ (సిగ్నల్‌కి అడ్డుపడే నిరోధం) వంద ఓమ్స్, కొన్నింట్లో అంతకంటే చాలా ఎక్కువ ఉంటుంది. హెడ్‌ఫోన్ ఇంపీడెన్స్‌లో ఇది ఎనిమిదో వంతు దాటకూడదని మామూలుగా చెప్పుకునే లెక్క. దాటితే ఏమవుతుందో కూడా చూద్దాం.

మామూలు డైనమిక్ హెడ్‌ఫోన్ ఇంపీడెన్స్ అన్ని స్వరాల దగ్గరా ఒకేలా ఉండదు. బాస్ దగ్గర పైకి లేస్తుంది. ఒక 55 ఓమ్స్ హెడ్‌ఫోన్ బాస్ దగ్గర 200కి పెరిగిందనుకోండి. దాన్ని 120 ఓమ్స్ జాక్‌కి పెడితే మిగతా స్వరాల కంటే బాస్ దాదాపు 6 డెసిబెల్స్ ఎక్కువ పలుకుతుంది. అది తయారుచేసినవాళ్లు ఇవ్వాలనుకున్న ధ్వని కాదు. కొన్నవాళ్లేమో "బాస్ ఉబ్బిపోయింది" అని హెడ్‌ఫోన్‌ని తిడతారు.

అదే జాక్‌కి హెచ్‌డీ 600 పెట్టండి. దానిది 300 ఓమ్స్, బాస్ దగ్గర సుమారు 500కి లేచినా తేడా 1 డెసిబెల్ చుట్టూనే ఉంటుంది. కాస్త వెచ్చగా వినిపిస్తుంది, అంతే. సుందర లాంటి ప్లానార్‌లకు (పలుచని పొరంతా ఒకేసారి కదిలి పలికే రకం) ఇంపీడెన్స్ గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది కాబట్టి టోన్ మారదు. కాకపోతే ముప్పై పైచిలుకు ఓమ్సే కనక వోల్టేజీలో ఎక్కువ భాగం యాంప్‌లోని రెసిస్టరే తినేస్తుంది. వాల్యూమ్ బాగా పెంచాల్సి వస్తుంది.

ఊహించుకోకుండా ఇంట్లోనే కొలవచ్చు. మన కోఠి గుజరాతీ గల్లీలో ఏ షాపులోనైనా 100 ఓమ్స్ రెసిస్టర్ చిల్లర డబ్బులకు దొరుకుతుంది. స్పీకర్ స్విచ్ ఆఫ్ చేసి, లాప్‌టాప్ నుంచి 100 హెర్ట్జ్ టోన్ పెట్టండి. జాక్ దగ్గర మల్టీమీటర్ ఏసీలో పెట్టి సరిగ్గా 1 వోల్ట్ వచ్చేదాకా వాల్యూమ్ తిప్పండి. ఇక నాబ్ కదపకుండా, మల్టీమీటర్ రెండు కొనలు ఆనించిన చోటే రెసిస్టర్ రెండు కాళ్లూ తగిలించి మళ్లీ చూడండి. మొదటి రీడింగ్‌లోంచి రెండోది తీసేసి, రెండోదానితో భాగించి, 100తో గుణిస్తే వచ్చేదే మీ జాక్ ఇంపీడెన్స్. ఆ టైమ్‌లో హెడ్‌ఫోన్ మాత్రం తగిలించకండి.

వీణపాట
కోఠి గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను వినే వైపు నుంచి రెండు మాటలు చెబుతాను.

నా దగ్గర హెచ్‌డీ 600 తొమ్మిదేళ్లుగా ఉంది. ఆ మోడల్ 1997లో వచ్చింది, ఇప్పటికీ అమ్ముతున్నారు. ప్యాడ్లు, కేబుల్, పైన తలకు ఆనే మెత్త, అన్నీ విడిగా దొరుకుతాయి. వీణలో మీటు పడ్డాక తీగ లాగి గమకం పలికిస్తారే, ఆ లాగుడు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో ఇందులో వేలితో తాకినట్టు తెలుస్తుంది. చిట్టిబాబు గారి వీణ మా స్పీకర్లలో ఎన్నేళ్లు విన్నానో! మెట్టు మీద వేలు జారే చప్పుడు రికార్డింగులో ఉందని మాత్రం హెడ్‌ఫోన్ పెట్టుకున్నాకే తెలిసింది.

మృదంగం ఎడమ వైపు గుమ్మని మోగేది మాత్రం స్పీకర్‌లో ఒంటికి తగిలినట్టు ఏ హెడ్‌ఫోన్‌లోనూ తగలదు. అందుకే స్పీకర్ల పనే మళ్లీ హెడ్‌ఫోన్‌తో చేయించుకోవాలని చూడకండి. స్పీకర్లలో దొరకనిది ఏమిటో అది వెతుక్కోండి. ఎల్ఎస్50 లాంటి స్పీకర్లలో గాయకుడు ఎదురుగా కూర్చున్నట్టే ఉంటుంది. హెడ్‌ఫోన్‌లో ఆ దూరం ఉండదు, గొంతు తల మధ్యలోకి వస్తుంది. అలవాటయ్యేదాకా వారం పది రోజులు కొత్తగా ఉంటుంది.

మీ రేడియో రికార్డింగులు చాలావరకు మోనో (రెండు చెవులకూ ఒకే ధ్వని) అయి ఉంటాయి. వాటికి ఏ చిక్కూ లేదు. వయొలిన్లన్నీ ఒక చెవిలో, తబలా ఇంకో చెవిలో వచ్చే పాత స్టీరియో సినిమా పాటలతోనే చెవి అలిసిపోతుంది. లాప్‌టాప్ ప్లేయర్‌లో క్రాస్‌ఫీడ్ ఉంటే కొంచెం పెట్టుకోండి. కుడిది కాస్త ఎడమకు, ఎడమది కాస్త కుడికి కలుస్తుంది. నాకైతే ఆ పాటలు దీనివల్లే మళ్లీ వినబుద్ధి అయ్యాయి.

బెజవాడ_చెవులు
మే నెల గురించి ఎవరూ చెప్పలేదు. లెదర్ ప్యాడ్లయితే అరగంటకే చెవుల చుట్టూ చెమట. ముఖమల్ లాంటి గుడ్డ ప్యాడ్లు తీసుకోండి. బరువు కూడా చూడండి. హెచ్‌డీ 600 పావుకిలో పైన కొంచెం ఉంటుంది. పెద్ద ప్లానార్‌లలో అర కిలో దాటినవి ఉన్నాయి. అలాంటిది ఒకటి కొని, ధ్వని ఎంత నచ్చినా మెడ నొప్పి తట్టుకోలేక ఆరు నెలల్లో అమ్మేశాను.

ప్లానో_నుంచి
అన్నా, అమెరికా నుంచి ఎవరితోనైనా తెప్పించుకునే ఆలోచన ఉంటే ఇది చదివి నిర్ణయించుకోండి. మా బావగారికి ఇక్కణ్ణుంచి ఒక ఖరీదైన హెడ్‌ఫోన్ తీసుకెళ్లి ఇచ్చాను. ఎనిమిది నెలలకు ఎడమ వైపు పలకడం మానేసింది. బిల్లు ఇండియాది కాదని అక్కడ చేతులెత్తేశారు, వస్తువు నీ చేతిలో లేదని ఇక్కడ చేతులెత్తేశారు. చాలా బాధేసింది, ఎందుకంటే అది ఆయన రిటైర్మెంట్‌కి ఇచ్చిన కానుక. నాలుగు వేలు ఎక్కువైనా మీ ఊళ్లో బిల్లుతో కొనుక్కోండి.

యాంప్ తెచ్చుకునేవాళ్లయితే వెనక వోల్టేజ్ తప్పకుండా చూడాలి. ఇక్కడ కరెంటు 120 వోల్టులు. ఇండియాలో 230కి నేరుగా పెడితే లోపలి ట్రాన్స్‌ఫార్మర్ మాడిపోతుంది.

న్యూయార్క్‌లో కాన్‌జామ్ అనే హెడ్‌ఫోన్ల ప్రదర్శనకి వెళ్లినప్పుడు మీ మూడూ ఒకే రోజు విన్నాను. ఫోకల్ క్లియర్‌లో దెబ్బ పడితే దెబ్బలా ఉంటుంది, డప్పు, డోలు అద్భుతం. సుందరలో బాస్ లోతుగా, శుభ్రంగా ఉంది. గొంతు దగ్గరికొచ్చేసరికి నా మనసు హెచ్‌డీ 600కే పోయింది. ఎక్కడ ట్రయల్ ఇచ్చినా షాపువాళ్లు పెట్టే పాటలు వినకండి. మీకు ఊపిరి తీసే చోటు సహా తెలిసిన రెండు రికార్డింగులు పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లండి.

రాత్రి_శ్రోత
ఆదివారం కొలిచాను. 1 వోల్ట్ పెడితే, రెసిస్టర్ పెట్టాక 0.45. అంటే సుమారు 122 ఓమ్స్. కోఠి గారూ, మీ అంచనా ఎంత సరిగ్గా వచ్చిందో చూశారా! ఫోకల్ క్లియర్ 55 ఓమ్సే కాబట్టి దాన్ని పక్కన పెట్టేశాను.

మిత్రుడి దగ్గర సుందర ఉంటే మా యాంప్‌కే పెట్టి చూశాను. టోన్ ఏమీ చెడలేదు. నాబ్ మాత్రం సగం దాటించాల్సి వచ్చింది, ఆ స్థాయిలో టర్న్‌టేబుల్ నుంచి సన్నగా హమ్ వినపడింది.

కోఠి_సాల్డరింగ్
టర్న్‌టేబుల్ గ్రౌండ్ వైరు యాంప్ వెనక స్క్రూకి బిగించి ఉందో లేదో చూడండి. స్పీకర్లలో తెలియని హమ్ హెడ్‌ఫోన్‌లో తెలిసిపోతుంది. పాత యాంప్ కదా, వాల్యూమ్ బాగా తక్కువలో ఉన్నప్పుడు రెండు చెవులకూ సమానంగా వస్తోందా? ఒక మోనో రికార్డింగ్ పెట్టి గొంతు నట్టనడుమ ఉందో లేదో వినండి. పక్కకు జరిగితే వాల్యూమ్ నాబ్ వెనక ఉండే పొటెన్షియోమీటర్‌లో దుమ్ము చేరినట్టే. క్లీనర్ కొట్టి, పదిసార్లు అటూ ఇటూ తిప్పితే చాలావరకు సర్దుకుంటుంది.

రాత్రి_శ్రోత
గ్రౌండ్ వైరు ఊడి ఉంది! నాన్నగారు కట్టిన చిన్న దారంముక్క ఇంకా దానికే ఉంది. బిగించాను, హమ్ పోయింది. గొంతు కొంచెం ఎడమకు జరిగే ఉంది, క్లీనర్ ఆర్డర్ పెట్టాను.

హెచ్‌డీ 600 ఊళ్లోనే బిల్లుతో తీసుకున్నాను, విడిగా యాంప్ కొనలేదు. నిన్న రాత్రి పదకొండుకి మొదలుపెట్టి వీణ కచేరీ ఒకటి పూర్తిగా విన్నాను. ఫ్యాన్ రెండులో పెట్టుకుంటే ఇబ్బంది లేదు. వీణపాట గారు చెప్పిన వేలి చప్పుడు నాకూ దొరికింది. తానం మధ్యలో పాప కదిలిన అలికిడి వినపడింది, వెళ్లి జోకొట్టి వచ్చాను. రికార్డు అలాగే తిరుగుతోంది, ముల్లు ఎత్తి వెనక్కి పెట్టుకున్నాను.

బెజవాడ_చెవులు
శుభం. ప్యాడ్లు రెండేళ్లకు ఒకసారి మార్చండి. మెత్త అణిగిపోతే ధ్వని కూడా మారుతుంది.