చంద్రుడు తిరుగుతున్నది భూమి చుట్టూనా, సూర్యుడి చుట్టూనా?

కృష్ణాతీరం:
సూర్యుడి ద్రవ్యరాశి భూమికి సుమారు 3,33,000 రెట్లు. చంద్రుడికి భూమి ఉన్న దూరంతో పోలిస్తే సూర్యుడు దాదాపు 389 రెట్లు దూరం. న్యూటన్ సూత్రం ప్రకారం 389 వర్గంతో భాగించి చూడండి. చంద్రుణ్ణి సూర్యుడు లాగే బలం, భూమి లాగే బలానికి 2.2 రెట్లు వస్తుంది. రెట్టింపుకు పైగా లాగేవాణ్ణి వదిలేసి చంద్రుడు మన చుట్టూ తిరుగుతున్నాడని ఏ లెక్కన అంటున్నాం? నా వాదన ఇది: చంద్రుడు సూర్యుడి చుట్టూ తిరిగే గ్రహమే. పక్కనే ఉన్న భూమి అతని దారిని కాస్త అటూ ఇటూ కదుపుతుంది, అంతే. కాదనేవాళ్లు లెక్కతో రండి. 'స్కూల్లో అలా చెప్పలేదు' అనే జవాబులు వద్దు.

రిటైర్డ్ ఫిజిక్స్:
లెక్కతో పేచీ లేదండీ, దాన్నుంచి మీరు తీసిన నిర్ణయంతోనే పేచీ. సూర్యుడు చంద్రుణ్ణి ఒక్కణ్ణే లాగడం లేదు, భూమినీ లాగుతున్నాడు. బరువైనదైనా తేలికైనదైనా గురుత్వాకర్షణలో ఒకే త్వరణంతో పడుతుంది. కాబట్టి భూమి, చంద్రుడు రెండూ తమ సరళరేఖ నుంచి సెకనులో సుమారు 3 మిల్లీమీటర్లు సూర్యుడి వైపు ఒంగుతాయి. ఇద్దరూ ఒకేలా పడుతుంటే ఆ పడటం వల్ల వాళ్ల మధ్య దూరం పెరగదు. వాళ్లను విడదీయగలిగింది ఆ లాగుడులోని తేడా మాత్రమే.

ఆ తేడా ఎంతో చూద్దాం. అమావాస్యనాడు చంద్రుడు భూమికన్నా సుమారు 3.84 లక్షల కిలోమీటర్లు సూర్యుడికి దగ్గరగా ఉంటాడు. అందువల్ల అతని మీద పడే అదనపు లాగుడు, భూమి అతన్ని లాగే దాంట్లో సుమారు 90వ వంతు. మీరు పోల్చాల్సింది ఈ 90వ వంతుని, 2.2ని కాదు. దాన్ని తట్టుకుని భూమి చంద్రుణ్ణి సెకనుకు 1.4 మిల్లీమీటర్లు తన వైపు వంచుకుంటోంది. చంద్రుడేమో సెకనుకు ఒక కిలోమీటరు వేగంతో పక్కకు పోతున్నాడు. ఈ పోవడానికీ ఆ వంగడానికీ పొత్తు కుదిరింది కాబట్టే 27.3 రోజుల్లో చుట్టు పూర్తవుతోంది.

విశాఖ బుల్లోడు:
నేను కృష్ణాతీరం అన్న పక్షమే. పుస్తకాల్లో చంద్రుడి దారిని సూర్యుడి చుట్టూ మెలికలు మెలికలుగా గీస్తారు కదా, ఆ బొమ్మ శుద్ధ తప్పు. స్కేలుకు గీస్తే మెలికలూ ఉండవు, బయటికి ఒంపూ ఉండదు. అమావాస్యనాడు కూడా సూర్యుడి 2.2లోంచి భూమి 1 తీసేస్తే ఇంకా 1.2 సూర్యుడి వైపే మిగులుతుంది. ఏడాది పొడవునా చంద్రుడి దారి సూర్యుడి వైపే వంగి ఉంటుంది. గ్రహం దారి అంటే అదే కదా?

హన్మకొండ రమ్య:
బొమ్మ తప్పన్నది ఒప్పుకుంటాను, కానీ దాంతో ఏం తేలింది? గంటకు తొంభై కిలోమీటర్ల మీద పోయే రైల్లో ఒక పిల్లాడు వాళ్లమ్మ చుట్టూ గంటకు మూడు కిలోమీటర్ల వేగంతో తిరుగుతున్నాడనుకోండి. గట్టు మీద నిలబడి చూసేవాడికి పిల్లాడు ఎప్పుడూ ముందుకే పోతుంటాడు, చుట్టు కనిపించదు. అయినా వాడు అమ్మ చుట్టూ తిరగడం లేదంటామా? భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు సుమారు 30 కిలోమీటర్లు పోతోంది, చంద్రుడు భూమి చుట్టూ ఒక కిలోమీటరు. నిష్పత్తి కూడా అదే!

కృష్ణాతీరం:
రమ్య గారూ, రైల్లో పిల్లాణ్ణి మోసుకుపోయేది బోగీ. చంద్రుడికి బోగీ ఏది? సూర్యుడే. అంటే నా మాటే మీరూ అంటున్నారు. ఇంకో పరీక్ష పెడతాను. ఈ క్షణం భూమిని మాయం చేయండి. చంద్రుడు ఏమవుతాడు? 30 కిలోమీటర్ల వేగంలో ఒక కిలోమీటరు తేడాతో, దాదాపు ఇదే కక్ష్యలో సూర్యుడి చుట్టూ హాయిగా తిరుగుతాడు. పెద్దగా నష్టపోయేది ఏమీ లేదు.

రిటైర్డ్ ఫిజిక్స్:
సరే, ఇప్పుడు సూర్యుణ్ణి మాయం చేయండి. చంద్రుడు భూమి చుట్టూ తిరుగుతూనే ఉంటాడు, నెల పొడవు కొద్దిగా మారుతుందేమో గానీ జంట విడిపోదు. భూమి పట్టులో లేని వస్తువుకు ఇది సాధ్యం కాదు. అంటే చంద్రుడు రెండు పట్టుల్లోనూ ఉన్నాడు. భూమి చుట్టూ తిరుగుతూనే, భూమితో కలిసి సూర్యుడి చుట్టూ పోతున్నాడు. 'నా, నా' అంటూ ఒకదాన్నే ఎంచుకోమనే మీ శీర్షికలోనే తిరకాసుంది.

ఇక 'ఎవరు ఎక్కువ లాగితే వాళ్లదే' అన్న మీ కొలబద్ద. భూమి నుంచి సుమారు 2.6 లక్షల కిలోమీటర్లు దాటితే సూర్యుడి లాగుడే ఎక్కువ. నాసా 2018లో పంపిన టెస్ టెలిస్కోప్ 13.7 రోజులకోసారి భూమిని చుడుతుంది. ఒక కొసన లక్ష కిలోమీటర్ల చిల్లర దాకా దగ్గరికొస్తుంది, రెండో కొసన సుమారు 3.7 లక్షల దాకా పోతుంది. ప్రతి చుట్టులోనూ చాలా రోజులు మీ గీతకు అవతలే ఉంటుంది. ఆ రోజుల్లో అది సూర్యుడిదై, తిరిగొచ్చాక మళ్లీ భూమిది అవుతుందా? ఏళ్ల తరబడి చెక్కుచెదరకుండా తిరుగుతోందే!

పంచాంగం పద్మ:
గురువుగారూ, ఆ 90వ వంతును మరీ తీసిపారేయకండి. పంచాంగంలో రాహుకేతువులు ఎప్పుడూ వక్రగతిలోనే ఎందుకుంటారు? చంద్రుడి కక్ష్య, భూమి కక్ష్య తలానికి సుమారు 5 డిగ్రీలు వాలి ఉంది. ఆ రెండూ ఖండించుకునే బిందువులే రాహుకేతువులు. ఆ బిందువులు వెనక్కి జరుగుతూ 18.6 ఏళ్లలో ఒక చుట్టు తిరిగి వస్తాయి, రాశికి ఏడాదిన్నర పైచిలుకు. వాటిని వెనక్కి నడిపిస్తున్నది సూర్యుడే. గ్రహణాలు ఏటా అవే తేదీల్లో రాకపోవడానికి ముఖ్య కారణం కూడా ఇదే.

రిటైర్డ్ ఫిజిక్స్:
బాగా చెప్పారమ్మా. అయితే ఒకటి గమనించండి. సూర్యుడు కక్ష్యను తిప్పుతున్నాడు, సాగదీస్తున్నాడు, వాలు దిశ మారుస్తున్నాడు. ఇంతా చేసి చంద్రుణ్ణి మాత్రం లాక్కుపోలేకపోతున్నాడు. స్థిరమైన కక్ష్య అంటే కదలకుండా గీసి పెట్టిన గీత కాదు. హద్దుల్లో ఊగుతూ ఎప్పటికప్పుడు మళ్లీ సర్దుకునేది.

భూమి ఒక వస్తువును తన చుట్టూ తిప్పుకోగలిగే హద్దు ఎక్కడంటే, సుమారు 15 లక్షల కిలోమీటర్ల దగ్గర. దాన్ని హిల్ గోళం అంటారు. శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న వెళ్లిన ఆదిత్య-ఎల్1 ఉన్నది సరిగ్గా ఆ అంచు దగ్గరే. భూమి పట్టు అక్కడితో అయిపోతుంది, అక్కడి సమతూకం నిలకడలేనిది కాబట్టే అది అప్పుడప్పుడూ ఇంజన్ వాడి నిలదొక్కుకోవాలి. చంద్రుడు ఆ దూరంలో పావు వంతు దగ్గరే ఉన్నాడు, అతనికి ఇంజన్ అక్కర్లేదు.

విశాఖ బుల్లోడు:
మరి 2016లో కనిపెట్టిన కమోఓఆలేవా అనే గ్రహశకలం సంగతేంటి? అదీ భూమి చుట్టూ ఏడాదికోసారి తిరుగుతున్నట్టే కనిపిస్తుంది. దాన్ని చంద్రుడు అనడం లేదే.

హన్మకొండ రమ్య:
అది భూమికి ఎప్పుడూ కోటి కిలోమీటర్లకు పైగా దూరంలోనే ఉంటుంది తమ్ముడూ, అంటే హిల్ గోళానికి చాలా బయట. దానికి సూర్యుణ్ణి మాయం చేసే పరీక్ష పెట్టు, నేరుగా తన దారిన పోతుంది. యూట్యూబ్‌లో 'భూమికి రెండో చంద్రుడు' అని థంబ్‌నెయిల్ పెట్టేవాళ్లకు ఈ తేడాతో పనిలేదు.

కృష్ణాతీరం:
టెస్ ఉదాహరణ గట్టిదే, కాదనను. కానీ నా పట్టు వదలను. చంద్రుడు ఏడాదికి 3.8 సెంటీమీటర్ల చొప్పున దూరం జరుగుతున్నాడని అపోలో వాళ్లు పెట్టి వచ్చిన అద్దాల మీద లేజర్ కొట్టి కొలిచారు. అంటే మీ హద్దు వైపే నడుస్తున్నాడు. ఏదో ఒక రోజు దాటుతాడు, అప్పుడు గ్రహం అంటారు. ఇప్పుడే అంటే తప్పా?

రిటైర్డ్ ఫిజిక్స్:
హిల్ గోళం మొత్తం క్షేమం కాదు, మన చంద్రుడిలాంటి కక్ష్యలు దాదాపు సగం దూరం దాకానే నిలకడగా ఉంటాయి. అంటే 7.5 లక్షల కిలోమీటర్లు. ఇప్పటి వేగమే కొనసాగిందనుకుంటే అక్కడికి చేరడానికి సుమారు 960 కోట్ల ఏళ్లు కావాలి. సూర్యుడు ఉబ్బిపోయి అరుణ మహాతార కావడానికి ఉన్న గడువు 500 కోట్ల ఏళ్లే. మీ వాదన నెగ్గడానికి టైం చాలదండీ.