షియా బటర్ రాసినా చర్మం లాగుతూనే ఉంది, జుట్టుకి కూడా వాడొచ్చా?

పొడిచర్మం_గోల:
హాయ్ అందరికీ. నాది బాగా పొడి చర్మం, స్నానం చేసొచ్చిన కాసేపటికే కాళ్ళ మీద గోరుతో గీస్తే తెల్లగా గీత పడుతుంది, లోషన్ రాస్తే కొద్దిసేపు బావుండి మళ్ళీ మామూలే. సరే అని షియా బటర్ (షియా చెట్టు గింజల నుంచి తీసే వెన్నలాంటి కొవ్వు) తెచ్చుకున్నా, పైపైన జిడ్డుగా ఉంటోంది కానీ లోపల లాగుతున్నట్టే ఉంది. పైగా డబ్బాలో సగం మెత్తగా సగం రవ్వరవ్వగా ఉంది, పాడైపోయిందా? నాది ఉంగరాల జుట్టు, చివర్లు ఎండిపోయి చిక్కులు పడతాయి, దీన్నే తలకి కూడా పెట్టొచ్చా? కోకో, మ్యాంగో, కోకమ్ బటర్లని ఇలాంటి గింజల కొవ్వులే ఇంకా ఏవేవో ఉన్నాయి, ఏది దేనికో తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

సబ్బుల_పిచ్చి:
పాడవలేదండి. షియాలో ముఖ్యంగా ఉండేవి స్టియరిక్, ఒలియిక్ అనే రెండు కొవ్వు ఆమ్లాలు (స్టియరిక్ గట్టిపడే రకం), ఎండకో వేడికో కరిగి మెల్లగా గడ్డకడితే స్టియరిక్ ఎక్కువున్న భాగం ముందు బిగుసుకుని పలుకులు కడుతుంది. వేడినీళ్ళ గిన్నెలో డబ్బా పెట్టి పలుకు లేకుండా మొత్తం కరగనిచ్చి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేయండి. పాత నూనె కంపు వస్తే మాత్రం పారేయాల్సిందే.

ఇక లాగడం సంగతి. బటర్‌లో నీళ్ళు చుక్క కూడా ఉండవు, అది తేమ ఇవ్వదు, ఉన్న తేమ ఆవిరైపోకుండా మూతలా ఆపుతుంది అంతే. మీరు ఒళ్ళు పూర్తిగా ఆరాక రాస్తున్నట్టున్నారు, ఎండిన చర్మం మీద మూతేసి ఏం లాభం చెప్పండి. టవల్‌తో అద్దుకుని ఇంకా చెమ్మ ఉండగానే శనగగింజంత తీసుకుని అరచేతుల్లో రుద్దండి, ఒంటి వేడికే కరిగిపోతుంది, అప్పుడు పల్చగా పట్టించండి.

మడమల_డాక్టర్ (నిజం డాక్టర్ కాదు 😄):
కోకో బటర్ గట్టిగా ఉంటుంది, చాక్లెట్ వాసన, మోచేతులకి పగిలిన మడమలకి సూపర్. మొటిమలొచ్చే మొహానికి మాత్రం వద్దు, రంధ్రాలు మూసుకుపోతాయి. ప్రెగ్నెన్సీ చారలు పోతాయని తెగ చెప్తారు గానీ పరీక్షించి చూసినప్పుడు మామూలు క్రీమ్‌కీ దీనికీ తేడా కనబడలేదు. కోకమ్ కూడా గట్టిదే కానీ జిడ్డు తక్కువ, మ్యాంగో మెత్తగా ఉంటుంది, జిడ్డు పడనివాళ్ళు వీటితో మొదలెట్టొచ్చు. ఇంకా షియా రాస్తే సన్‌స్క్రీన్ అక్కర్లేదని ఎవరైనా చెప్తే నమ్మకండి.

రింగుల_జుట్టు:
జుట్టు నా డిపార్ట్‌మెంట్ 🙋‍♀️ కుదుళ్ళకి పెట్టకు సిస్, చుండ్రు ఉంటే అస్సలొద్దు, చుండ్రుకి కారణమయ్యే ఫంగస్ ఇలాంటి కొవ్వుల్నే తిని పెరుగుతుంది. తలస్నానం అయ్యాక తడి చివర్లకి మాత్రం కొంచెం, వేళ్ళ మధ్య మెరుపు కనిపించేంత చాలు. మనలాంటి ఉంగరాల, దళసరి జుట్టుకి బాగా పనిచేస్తుంది, చిక్కు తీసేటప్పుడు తెగడం తగ్గుతుంది, సన్న జుట్టైతే అతుక్కుపోయి నూనె కారుతున్నట్టు కనిపిస్తుంది. వెంట్రుక లోపలికి ఇంకాలంటే కొబ్బరినూనే బెటర్, షియా ఎక్కువగా పైనే ఉండిపోతుంది, అందుకే నేను తలస్నానానికి ముందు కొబ్బరినూనె, తర్వాత చివర్లకి షియా.

పొడిచర్మం_గోల:
థాంక్యూ థాంక్యూ! అవును ఒళ్ళంతా ఆరాకే రాస్తున్నా. నా షియా బటర్‌కి పొగ వాసనొస్తోంది, అది మాత్రం భరించలేకపోతున్నా, అదెలా పోతుంది?

సబ్బుల_పిచ్చి:
మీది అన్‌రిఫైన్డ్ (శుద్ధి చేయనిది) అయ్యుంటుంది, గింజల్ని వేయించి తీస్తారు కదా, ఆ వాసన ఉంటుంది. ఈసారి రిఫైన్డ్ తీసుకోండి, తెల్లగా వాసన లేకుండా ఉంటుంది, విటమిన్ ఇ లాంటివి కొంత తగ్గుతాయి గానీ తేమ ఆపడంలో పెద్ద తేడా ఉండదు. తడి చేతులు మాత్రం డబ్బాలో పెట్టకండి, బూజు పడుతుంది.