జీన్ గ్రే బాగా బతికే లోకం ఒక్కటైనా ఉందా?

సగంలోంచి చదివేది:

స్పాయిలర్లు ఉన్నాయి, ముందే చెప్తున్నాను.

మార్వెల్ వాళ్ళ ఎక్స్-మెన్ కామిక్స్ అంటే పుట్టుకతోనే వింత శక్తులున్న ‘మ్యూటెంట్ల’ జట్టు కథలు, జీన్ గ్రే ఆ జట్టులో ఒకతె. నేను వాటిని మొదటినుంచి వరసగా చదివినదాన్ని కాదు. 2023లో నాలుగు సంచికలుగా వచ్చిన ‘జీన్ గ్రే’తోనే మొదలుపెట్టాను. కథ లూయీజ్ సైమన్‌సన్‌ది, బొమ్మలు బెర్నార్డ్ చాంగ్‌వి. అట్ట మీద ఆ ఎర్ర జుట్టు, చుట్టూ మంట చూసి తెరిచాను. అంతకుముందు హెల్‌ఫైర్ గాలా అనే మ్యూటెంట్ల వేడుకలో ఆమె చనిపోయిందన్న సంగతి కూడా అప్పటికి నాకు తెలియదు.

కథ కొంచెం చెప్తాను. చనిపోయాక జీన్ మనసు వైట్ హాట్ రూమ్ అనే చోటికి చేరుతుంది. ఎక్కడ తప్పు జరిగిందో వెతుక్కుంటూ తన జీవితంలోని పెద్ద మలుపుల దగ్గరికి వెళ్తుంది. అక్కడ ఇంకో నిర్ణయం తీసుకుని ఉంటే ఏమయ్యేదో చూస్తుంది. మొదటి సంచికలో ఆమెది టీనేజ్ వయసు. భవిష్యత్తును చూసొచ్చిన మొదటి ఎక్స్-మెన్ జట్టు ఐదుగురు పిల్లలూ తమ కాలానికి తిరిగి వెళ్తారు. అసలు కథలో ఆ జ్ఞాపకాలను జీనే దాచేస్తుంది. ఇక్కడ దాచదు. ఏం జరగబోతోందో అందరికీ తెలుసు కాబట్టి ముందే ఆపేద్దామనుకుంటారు. ఆపబోయి ఇంకా పెద్ద నాశనం తెచ్చుకుంటారు.

చదివినంతసేపూ నాకు గుండె బరువెక్కింది. పుస్తకం మూశాక కోపం వచ్చింది. ఈ కామిక్స్‌లో ఉండే మిగతా సమాంతర లోకాల జీన్‌ల గురించి వెతికి చదివాను, అక్కడా అంతే. ఒకచోట చనిపోతుంది, ఇంకోచోట పిచ్చెక్కి అందరినీ చంపేస్తుంది. ఇన్ని లోకాలు కట్టి అన్నిటిలో ఒకే తీర్పు చెప్పడం దేనికి? అంత శక్తి ఆడమనిషి చేతిలో పెడితే నిలబడదని చెప్పడానికే ఇదంతా అయితే నాకు ఇక చదవాలని లేదు. అలా కాదనుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే ఎందుకు కాదో చెప్పండి. వాదించడానికి రాలేదు, నిజంగానే తెలుసుకోవాలనుంది.

ఎర్ర పక్షి:

‘వాట్ ఇఫ్’ అని మార్వెల్ వేసే ‘ఇలా జరిగి ఉంటే’ కథల వరస ఉంది, దాని పద్ధతే అదండీ. వేరే దారిలో వెళ్తే అంతా బాగైపోయిందని చెప్పేస్తే అసలు కథలో పడిన బాధకి విలువ పోతుంది. అందుకే ఆ వరసలో చాలా కథలు చెడుగానే ముగుస్తాయి, జీన్ కథలే కాదు. 1981లో వచ్చిన 27వ సంచిక చదివారా? ఫీనిక్స్, అంటే అపారమైన విశ్వశక్తి చేరిన జీన్, చనిపోకుండా ఉంటే ఏమయ్యేదన్నదే దాని కథ. జీన్ బతుకుతుంది. కొన్నాళ్ళకి శక్తి తిరిగొస్తుంది, దానితోపాటు ఆకలీ తిరిగొస్తుంది. చివరికి తన వాళ్ళనే చంపుకుని విశ్వాన్నే కాల్చేస్తుంది. మీ కోపం అర్థమైంది కానీ, దాన్ని ఒక్క ఆమె మీద చెప్పిన తీర్పుగా నేను చదవలేదు.

చిరిగిన అట్ట:

మీ ప్రశ్న చూశాక పాత సంచికలు మళ్ళీ తీశాను. జవాబు పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు నా సంగతి ఒకటి. చిన్నప్పుడు నాకు దొరికిన ‘డార్క్ ఫీనిక్స్’ కథ (ఫీనిక్స్ శక్తితో జీన్ అదుపు తప్పే కథ) కాపీలో చివరి పేజీలు లేవు. ఎవరి చేతుల్లో చిరిగిపోయాయో తెలియదు. ‘అన్‌కానీ ఎక్స్-మెన్’ 137, 1980 నాటిది. చంద్రుడి మీద యుద్ధం నడుస్తోంది, ఎక్స్-మెన్ ఒక్కొక్కరే పడిపోతున్నారు, చివరికి జీన్, ఆమె ప్రేమించిన స్కాట్ ఇద్దరే మిగిలారు. అంతే, తర్వాత అట్ట. మిగతా కథ నేనే కల్పించుకున్నాను. ఇద్దరూ తప్పించుకుని ఎక్కడో చిన్న ఇంట్లో ఉంటున్నారని చాలాకాలం నమ్మాను. తర్వాత పూర్తి సంచిక దొరికినప్పుడు జీన్ ఒక పాత ఆయుధాన్ని తన మీదికే తిప్పుకున్న పేజీ చూసి నాకు ఏడుపొచ్చింది. నా దృష్టిలో అప్పటిదాకా బతికున్న మనిషి చనిపోయింది.

ఇది ఎందుకు చెప్పానంటే, నేను కల్పించుకున్న ముగింపుకి దగ్గరగా ఉన్నదాన్నే ఆ కథ రాసినవాళ్ళు మొదట గీశారు. క్రిస్ క్లేర్‌మాంట్, జాన్ బర్న్ అనుకున్న ముగింపులో జీన్ చావదు. షియార్ అనే గ్రహాంతర సామ్రాజ్యం వాళ్ళు ఆమె మనసులోంచి శక్తిని తీసేస్తారు, ఆమె మామూలు మనిషిగా ఇంటికి వెళ్తుంది. అప్పటి ప్రధాన సంపాదకుడు జిమ్ షూటర్ ఒప్పుకోలేదు. అంతకు రెండు సంచికల ముందే ఆమె ఒక నక్షత్రాన్ని మింగేసింది. దాని చుట్టూ తిరిగే గ్రహం మీది డిబారీ జాతి, కోట్ల మంది, ఒక్క క్షణంలో బూడిదయ్యారు. అంత చేసినమనిషి ఊరికే ఇంటికి వెళ్ళిపోతే ఎలా అన్నది ఆయన ప్రశ్న. చివరి పేజీలు మళ్ళీ గీశారు. పాత పేజీలు 1984లో ‘ఫీనిక్స్: ది అన్‌టోల్డ్ స్టోరీ’గా బయటికొచ్చాయి.

అంటే జీన్ మొదటి ప్రత్యామ్నాయ లోకం ఒక ఎడిటర్ బల్ల మీద ఆగిపోయిన పేజీల్లో ఉంది. ఎర్ర పక్షి గారు చెప్పిన 27వ సంచిక ఆ ముగింపునే తీసుకుని ముందుకు నడిపిస్తుంది. ఇంకో సంగతి చూడండి. 137 చివరి పేజీలో అంతా చూస్తూ నిలబడి ఉండేది వాచర్ అనే గ్రహాంతరవాసి. దేవతగా బతకగలిగి ఉండి కూడా మనిషిగా చావడాన్ని ఎంచుకుందని ఆమె గురించి చెప్పేది ఆయనే. ‘వాట్ ఇఫ్’ కథలు చెప్పేదీ ఆయనే. ఒకే సాక్షి రెండు ముగింపులూ చూశాడు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకి వస్తాను. నేను ముగింపులను పోల్చడం మానేశాను. ప్రతి లోకంలో ఒక్కటే చూస్తాను: జీన్ బదులు నిర్ణయం తీసుకున్నది ఎవరు?

ఆమెకి పదేళ్ళప్పుడు స్నేహితురాలు ఆనీని కారు గుద్దేస్తుంది. జీన్ ఆమెని ఒళ్ళో పట్టుకుంటుంది. అప్పుడే టెలిపతీ, అంటే ఇతరుల మనసులు చదివే శక్తి, మేల్కొని ఆనీ ప్రాణం పోవడం తన లోపల జరుగుతున్నట్టు అనుభవిస్తుంది. తర్వాత ఎక్స్-మెన్ గురువు ప్రొఫెసర్ ఎక్స్ (జేవియర్) ఆ శక్తికి ఆమె మనసులోనే అడ్డుగోడలు కడతాడు. ఆమె మంచికోసమే. కానీ కట్టింది ఆయన. నిజానికి 1963లో స్టాన్ లీ, జాక్ కర్బీ ఆమెకిచ్చింది వస్తువులను మనసుతో కదిపే శక్తి ఒక్కటే. ఇతరుల మనసులు చదవడం తర్వాత వచ్చి చేరింది. అది మొదట ఎందుకు లేదో చెప్పడానికే ఈ అడ్డుగోడల కథ పనికొచ్చింది. చూడండి, కథలో ఉన్న లోటుని పూడ్చడానికి రాసినది ఆమె బతుకులో అన్నిటికన్నా లోతైన గాయమైంది.

తర్వాత మాస్టర్‌మైండ్, జేసన్ వింగార్డ్ పేరుతో తిరిగే, భ్రమలు పుట్టించే విలన్. ‘అన్‌కానీ ఎక్స్-మెన్’ 129 నుంచి 134 దాకా సంచికలు దగ్గరపెట్టుకుని ఒకసారి చూడండి. జీన్ మామూలుగా నడుస్తూ ఉంటుంది, ఉన్నట్టుండి చుట్టూ 18వ శతాబ్దం. గౌను, గుర్రాలు, పక్కన భర్తగా జేసన్ వింగార్డ్. పాత జన్మలాంటి ఆ జీవితం ఎంత నిజంగా ఉంటుందంటే చదివే మనకీ కాసేపు అనుమానం వస్తుంది. అది ఆమె జీవితం కాదు, తన అవసరం కోసం అతను అల్లినది. అచ్చయిన కథలో జీన్‌కి దొరికిన మొదటి వేరే జీవితం ఇదేనని నా లెక్క. అది ఆమెని బంధించడానికి ఒక మగవాడు కట్టిన బోను. బోను విరగ్గొట్టుకుని బయటికొచ్చాక ఆమె వింగార్డ్‌కి చేసింది ఏమిటి? అతని మనసులోకి విశ్వమంతా ఒక్కసారి ఒంపింది. అతను అది మొయ్యలేకపోయాడు. డార్క్ ఫీనిక్స్ పుట్టింది ఆ వెంటనే. శక్తి ఎక్కువై ఆమె చెడిపోయిందని అందరూ అంటారు గానీ, నాకు ఆ ఆరు సంచికల్లో కనపడేది తన బుర్రలో వేరేవాడు నెలల తరబడి కాపురం ఉన్న మనిషి.

అందుకే 2023 సిరీస్‌లో నాకు మీకు కనపడనిది కనపడింది. ఇక్కడ వేరే జీవితాల తలుపులు తీస్తున్నది జీనే. ఎవరూ ఆమెకి చూపించడం లేదు, ఎవరూ మాయ చెయ్యడం లేదు. తలుపు వెనక నాశనమే ఉన్నా తెరిచింది, చూసింది, మూసింది, పక్క తలుపు దగ్గరికి నడిచింది. వింగార్డ్ ఆయుధాన్ని ఆమె తన చేతిలోకి తీసుకున్నట్టు అనిపించింది నాకు. 1986లో జీన్ కథల్లోకి తిరిగొచ్చాక, ఆమె ఉన్న ‘ఎక్స్-ఫ్యాక్టర్’ వరసని ఆరో సంచిక నుంచి రాసింది కూడా సైమన్‌సనే. జీన్‌తో అన్నేళ్ళ పరిచయం ఉన్న రచయిత్రి ఇది తెలియకుండా రాసి ఉంటుందని నేననుకోను.

సగంలోంచి చదివేది:

మీ జవాబు రెండుసార్లు చదివాను. వింగార్డ్ సంచికలు నేను చదవలేదు, ఆ పోలిక నాకు తట్టే అవకాశమే లేదు. రాత్రి 134 దాకా చదివి మళ్ళీ 2023 నాలుగూ చదివాను. అవును, తలుపు తీసేది ఆమే. ఈసారి చూస్తే ఆమె ముఖాలు వేరేగా కనిపించాయి. మొదటిసారి భయం అనుకున్నది ఇప్పుడు పట్టుదలలా ఉంది.

అయినా ఒకచోట మీతో కలవలేను. ఆమే తలుపు తీసినా వెనక ఏముండాలో రాసేవాళ్ళే నిర్ణయిస్తారు కదా. ఒక్క తలుపు వెనకైనా మామూలు రోజు ఒకటి పెట్టలేకపోయారా? పొద్దున్నే లేచి, స్కాట్‌తో ఏదో చిన్న విషయానికి గొడవపడి, మళ్ళీ మాట్లాడుకుని, అలాంటి రోజు. మీరు చిన్నప్పుడు కల్పించుకున్న ఆ చిన్న ఇల్లు నాకు వీటన్నిటికన్నా నచ్చింది.

చిరిగిన అట్ట:

ఒప్పుకుంటాను. నాకూ అదే కావాలి.

ఎర్ర పక్షి:

1995 నాటి ‘ఏజ్ ఆఫ్ అపొకలిప్స్’ మర్చిపోయాం. సమాంతర లోకాలకి పెట్టే నంబర్ల లెక్కలో అది భూమి-295. జేవియర్ కొడుకు గతంలోకి వెళ్ళి పొరపాటున తండ్రినే చంపేస్తాడు. కాబట్టి అక్కడ ప్రొఫెసర్ ఎక్స్ లేడు, ఎక్స్-మెన్‌ని నడిపేది మామూలుగా వాళ్ళకి శత్రువైన మాగ్నీటో. చిరిగిన అట్ట గారి కొలతతో చూస్తే ఆ జీన్ గట్టి మనిషే. లోగన్ (వుల్వరిన్)తో కలిసి శక్తులు లేని మామూలు మనుషుల పక్షాన పనిచేస్తుంది. ఆ మనుషులే అమెరికా మీద బాంబులు వెయ్యబోతున్నారని తెలిసి అతన్ని వదిలి అక్కడివాళ్ళను కాపాడటానికి వెళ్తుంది. ఎవరూ పంపలేదు. ఆ కథలో కూడా చనిపోతుంది, నిజమే. కానీ వెళ్ళాలా వద్దా అన్నది పూర్తిగా ఆమె తేల్చుకున్నదే.

2001లో మొదలైన ‘అల్టిమేట్ ఎక్స్-మెన్’ (వేరే లోకంలో కథని మళ్ళీ మొదటినుంచి చెప్పినది) మాత్రం నాకు అంతగా ఎక్కలేదు. కురచ జుట్టు, దూకుడు మాట బాగున్నాయి గానీ, ఫీనిక్స్ నిజంగా ఉందా లేక ఆమె మనసు పడుతున్న బాధా అన్నది నాన్చుతూ పోయారు.

రేచల్ వైపు నేను:

ఆలస్యంగా వచ్చాను. మీరంతా జీన్ ఉన్న లోకాలే వెతుకుతున్నారు, ఆమె కూతురి దారిలో కూడా ఒకసారి వెళ్ళి చూడండి.

ఆ కూతురు రేచల్ మొదటిసారి కనిపించింది 1981లో, ‘అన్‌కానీ ఎక్స్-మెన్’ 141వ సంచికలో. భూమి-811 అనే పాడైపోయిన భవిష్యత్తులోంచి వచ్చిన పిల్ల. ఆ లోకంలో జీన్ చంద్రుడి మీద చనిపోలేదు, కాబట్టే రేచల్ పుట్టింది. మీరు అడిగిన ‘బతికిన జీన్’ అక్కడ ఉంది. భర్త ఉన్నాడు, బిడ్డని పెంచింది. మనకి ఆ ఇల్లు పెద్దగా చూపించరు, అంతే. తర్వాత రేచల్ మన కాలానికి వచ్చి, ఇక్కడ తన తల్లి ఎప్పుడో పోయిందని తెలుసుకుంటుంది. ఈ లోకంలో తను ఇక పుట్టబోదని అర్థమవుతుంది.

నేను ఎప్పుడూ తిరిగి తెరిచే చోటు ఒకటుంది. జీన్ పోయాక ఆమె అమ్మానాన్నలకి షియార్ రాణి లిలాండ్రా ఒక స్ఫటికం ఇస్తుంది. అందులో జీన్ మనసు ముద్ర ఉంటుంది. ముట్టుకుంటే ఆమె ఎలాంటి మనిషో లోపలికి తెలుస్తుంది. ఏళ్ళ తర్వాత రేచల్ ఆ ఇంటికి వెళ్తుంది. అది ఆమె తాతగారిల్లే, కానీ ఈ లోకంలో ఆ ముసలివాళ్ళకి ఆమె ఎవరో తెలియదు. అక్కడ స్ఫటికాన్ని చేతుల్లోకి తీసుకుంటుంది. వేరే లోకపు అమ్మ, తనని ఎప్పుడూ చూడని అమ్మ, ఒక్కసారిగా లోపలికి వస్తుంది. ఆ తర్వాతే రేచల్ ఫీనిక్స్ పేరు పెట్టుకుంటుంది.

లోకాలు మారిస్తే జీన్ ఏమవుతుందన్నది మీ అందరి ప్రశ్న. లోకం మారినా ఏది మారదో నాకు ఆ పేజీల్లో కనిపించింది. అమ్మని పోగొట్టుకున్న మనిషిగా చెప్తున్నాను, అలాంటి స్ఫటికం ఒకటి దొరికితే ఎంత బాగుండునో.

సగంలోంచి చదివేది:

ఇది చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను. మీ అమ్మగారి గురించి చెప్పినందుకు థాంక్స్ అండీ. ఆ స్ఫటికం ఏ సంచికలో ఉంది?

రేచల్ వైపు నేను:

ఇచ్చేది 138లో, జీన్ అంత్యక్రియల సంచిక అది. రేచల్ ముట్టుకునేది 199లో. ముందు 138 చదవండి, మధ్యలో కొన్నాళ్ళు ఆగి అప్పుడు 199 తెరవండి. వెంటవెంటనే చదవకండి.