గోల్ఫ్‌లో ‘టేకవే’కి తెలుగు: ఎత్తడమా, గుంజడమా, ఈడ్వడమా?

గోల్ఫ్ ఊపులో మొట్టమొదటి కదలికను టేకవే అంటారు. బంతి వెనక ఆనించిన క్లబ్ (బంతిని కొట్టే కర్ర) నడుము ఎత్తుకొచ్చి, కాడ నేలకు సమాంతరమయ్యేదాకా అన్నమాట. అక్కడ దారి తప్పితే, మిగతా ఊపంతా ఆ తప్పును దిద్దుకోవడానికే సరిపోతుంది.

మా మేనల్లుడు గోల్కొండ నయా ఖిలాలోని గోల్ఫ్ మైదానంలో ఆట నేర్చుకుంటున్నాడు. కోచ్ దక్కనీలో “నక్కో ఉఠావ్”, అంటే ఎత్తొద్దు, అంటారు. ఇంటి దగ్గర నేనేమో “క్లబ్ వెనక్కి ఎత్తరా” అన్నాను. వాడు అక్షరాలా ఎత్తాడు. మణికట్లు విరిచి, ఉత్త చేతులతో. భుజాలు కదల్లేదు. నేను చెప్పిందే చేశాడు పాపం. మరి ఏ క్రియ వాడాలి?

జవాబు: ‘ఎత్తుగడ’ ఉంది కదండీ. పద్యానికీ పాటకీ మొదలు అదే.

నాకూ మొదట అదే తట్టిందండీ. పల్లవి ఎత్తుకోవడంలో పైకి లేపేదేమీ లేదు, నిజమే. వ్యాసంలో రాస్తే అందంగా ఉంటుంది. బంతి ముందు నిలబడ్డ పిల్లాడి చెవికి మాత్రం అందులో ‘ఎత్తు’ ఒక్కటే తగులుతుంది.

జవాబు: మా మెదక్ దిక్కు ‘గుంజు’ అంటం అన్నా. వెనక్కి గుంజు అంటే కాదా?

గుంజడమంటే చేతి బలంతో, ఒక్క ఉదుటున, మన వైపుకి కదా తమ్ముడూ. అలా చేస్తే క్లబ్ తల ఒంటి చుట్టూ లోపలికి వచ్చేస్తుంది. కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు అదే. వెనక నుంచి చూస్తే క్లబ్ తల చేతులకు సూటిగానో, కాస్త బయటికో ఉండాలి.

జవాబు: క్లబ్ నేలనంటి పోవాలంటారుగా, ‘ఈడ్చు’ అనండి.

చాలా దగ్గరకొచ్చారు మేడమ్. కానీ ఈడ్చేటప్పుడు చెయ్యి ముందు పోతుంది, వస్తువు వెనకబడుతుంది. ఇక్కడ ఛాతీ, చేతులు, క్లబ్ ఒకేసారి కదలాలి. పైగా నేలనంటి పోయేది మొదటి అడుగు దూరమే. భుజం తిరిగేకొద్దీ క్లబ్ తల దానంతటదే లేస్తుంది. లేవనీయకుండా ఈడుస్తూ పోతే ఒళ్లంతా కుడికి జారిపోతుంది.

నాకు తోచింది ‘జరుపు’. బీరువాను ఎత్తం, గుంజం. భుజం ఆనించి నిదానంగా జరుపుతాం. కదిలితే మొత్తం ఒకేసారి కదులుతుంది. అమెరికా గోల్ఫ్ దిగ్గజం జాక్ నిక్లాస్ ఊపు మొదలుపెట్టే ముందు గడ్డం కాస్త కుడికి తిప్పుకునేవాడు, ఎడమ భుజానికి చోటిస్తూ. బీరువా జరిపేముందు మనం దారి చూసుకోమూ!

నిన్న వాడితో “ఎడమ భుజంతో జరుపు” అన్నాను. నడుము దగ్గర ఆపి చూస్తే క్లబ్ తల కొన ఆకాశం వైపుంది, చేతులు ఛాతీకి ఎదురుగానే ఉన్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది.

జవాబు: అయితే ‘తొలిజరుపు’ అందామా, ‘వెనుజరుపు’ అందామా?

తొలిజరుపే. వెనక్కి జరపడమంటే పెళ్లి ముహూర్తం వాయిదా వేసినట్టుంటుంది.