నలభై ఏళ్ల నాటి ప్లాస్టిక్ బొమ్మలను పాడు కాకుండా శుభ్రం చేయడం ఎలా?

హనుమకొండలోని మా పాతింటి అటక మీద నుంచి దించిన రేకుపెట్టెలో, 1980 ప్రాంతంలో మా నాన్నగారు ఐనవోలు జాతరలో నాకు కొనిపెట్టిన ప్లాస్టిక్ బొమ్మలు దొరికాయి. వాటిని జాగ్రత్తగా శుభ్రం చేసి దాచుకోవాలనుకుంటున్నాను.

గట్టి ప్లాస్టిక్ రైలింజను మీది మట్టి, గోరువెచ్చని సబ్బునీళ్లలో ముంచిన మెత్తటి బ్రష్‌తో రుద్దితే సులువుగానే పోయింది. అయితే బొమ్మ కారు తలుపుపై ఉన్న సిరా మరకను నెయిల్ పాలిష్ రిమూవర్‌తో తుడవగా, అందులోని అసిటోన్‌కు ప్లాస్టిక్ మెత్తబడి, దూది పోగులు అతుక్కుని, మెరుపు పోయిన మచ్చ మిగిలింది. నాన్నగారి గుర్తును నా చేతులతోనే పాడుచేశానని చాలా బాధపడ్డాను.

అసలు చిక్కు కళ్లు మూసి తెరిచే మెత్తని బొమ్మతోనే. ఇలాంటి బొమ్మలు చేసే పీవీసీ అనే ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచడానికి కలిపే ప్లాస్టిసైజర్ ఏళ్లు గడిచేకొద్దీ పైకి ఊరి వస్తుందని చదివాను. దీని చెంపలు ఎన్నిసార్లు తుడిచినా రెండు రోజులకే మళ్లీ బంకబంకగా మారి, ముట్టుకుంటే వేలిముద్ర పడుతోంది. కళ్ల వెనుక ఇనుప ముక్క ఉన్నందున నీటిలో ముంచడానికి ధైర్యం చాలడం లేదు. ఈ జిగటను పోగొట్టే సురక్షితమైన మార్గం ఉందా? పౌడర్ అద్దవచ్చా?

పసుపెక్కిన తెల్ల చక్రాలకు హైడ్రోజన్ పెరాక్సైడ్ అనే తెల్లబరిచే ద్రవం రాసి ఎండలో పెడతారట. మన వరంగల్ ఎండకు ప్లాస్టిక్ వంకర పోదా? పాత రంగుల్లో సీసం ఉండవచ్చు కనుక, శుభ్రం చేసిన తర్వాతైనా మా మనవరాలికి వీటిని ఇవ్వవచ్చో లేదో కూడా అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.