"గాలి నుంచి మమ్మల్ని కాపాడు": పోలండ్ శిలువ మీది మాటకి తెలుగేమిటి?

సభ్యులకు నమస్కారం. ఒక్క మాట దగ్గర ఇరుక్కుపోయాను, సాయం కావాలి.

నేనుండేది పోలండ్‌లో, క్రాకోవ్‌కి దగ్గర్లో ఒక పల్లెలో. మా బస్టాపు పక్కన రెండు దారులు కలిసేచోట ఒక రాతి శిలువ ఉంది. చుట్టూ నడుమెత్తు ఇనప కంచె, లోపల ప్లాస్టిక్ పూలు, ఎర్ర గాజు దీపం, జామ్ సీసాలో నాలుగు అసలు పూలు. ఆ సీసాలో నీళ్ళు మార్చే పెద్దావిడ పొద్దున్నే కనిపిస్తుంటారు. ఇలాంటి శిలువలు, చిన్న చిన్న గూళ్ళలాంటి మందిరాలు ఇక్కడి పల్లెల్లో అడుగడుగునా ఉంటాయి. గూడైతే 'కప్లిచ్‌కా', స్తంభం మీద విగ్రహమైతే 'ఫిగూరా' అంటారు. కొన్ని ప్రాంతాల్లో శిలువని 'బోజా మెంకా' అంటారు, అంటే దేవుడి యాతన.

మా శిలువ అడుగున చెక్కినది ఇది: "ఒద్ పొవ్యెత్‌షా, గ్వోదు, ఓగ్న్యా ఇ వోయ్నీ, విబావ్ నాస్ పానియే." మాటకి మాట పెడితే: "గాలి నుంచి, ఆకలి నుంచి, నిప్పు నుంచి, యుద్ధం నుంచి మమ్మల్ని విడిపించు ప్రభూ."

మిగతా మూడూ సరే. గాలి ఏం చేసింది? ఆఫీసులో కుర్రాళ్ళని అడిగితే "క్రాకోవ్ పొగ గురించి అయ్యుంటుంది" అని నవ్వారు. (చలికాలంలో ఇక్కడి పొగమంచు సంగతి తెలిసినవాళ్ళకి ఆ జోకు అర్థమవుతుంది. నగరంలో బొగ్గు, కట్టెలు కాల్చడం 2019 సెప్టెంబరు నుంచి నిషేధం.) చివరికి చెప్పింది పెద్దావిడే. పాత పోలిష్‌లో 'పొవ్యెత్‌షే' అంటే అంటురోగం కూడానట. పూర్తి మాట 'మొరొవె పొవ్యెత్‌షే', చావు మోసుకొచ్చే గాలి. రోగం చెడుగాలి వల్ల వస్తుందని యూరప్ అంతా నమ్మిన రోజులవి. మలేరియా అన్న పేరుకి కూడా ఇటాలియన్‌లో అర్థం చెడుగాలే కదా.

దీన్ని తెలుగులో ఏమనాలి?

కరీంనగర్ నుంచి:
గత్తర అనండి, అయిపోయింది. మా నాయనమ్మ కలరా అన్న మాట ఎన్నడూ అనలేదు, గత్తరే.

అడిగినవారు:
బాగుందండీ, కానీ గత్తర అంటే నాకు కలరాయే గుర్తొస్తుంది. ఇక్కడ కలరాకి వేరే కథ ఉంది. 1831లో రష్యా సైన్యంతో పాటు అది పోలండ్‌లోకి వచ్చింది. ఆ శతాబ్దమంతా మళ్ళీ మళ్ళీ వచ్చినప్పుడు ఊరి పొలిమేరల్లో రెండు అడ్డకమ్మీల శిలువలు నాటారు. వాటిని 'కరవాకా' అంటారు, స్పెయిన్‌లోని కరవాకా ఊరి పేరు మీద. ఇంకో సంగతి, ఇక్కడ 'హొలేరా' ఇప్పుడు రోజువారీ తిట్టు. బస్సు తప్పిపోయినా అదే మాట. "నిన్ను హొలేరా పట్టుకుపోను" అని కూడా తిడతారు.

కరీంనగర్ నుంచి:
"నిన్ను గత్తరెత్తుకపోను" అని మా దగ్గర తిట్టినట్టే! ఇంకేం, నా మాటే ఖాయం.

గుంటూరు నుంచి:
మన బైబిల్‌లో దీనికి 'తెగులు' వాడారు. యిర్మీయా గ్రంథంలో ఖడ్గం, క్షామం, తెగులు మూడూ కలిసి పదేపదే వస్తాయి. మీ శిలువ మీదివీ దాదాపు అవే, నిప్పొకటి ఎక్కువ. ప్రార్థనలో మాట కనుక తెగులే నప్పుతుంది.

అడిగినవారు:
మాస్టారూ, తెగులు అంటే నాకు వరిచేను కళ్ళముందుకొస్తుంది, నా తప్పే అనుకోండి. నిప్పు సంగతి బాగా పట్టుకున్నారు. ఈ మాటలకి మూలమైన లాటిన్ ప్రార్థనలో ఉన్నవి మూడే: తెగులు, ఆకలి, యుద్ధం. పోలిష్‌లో నిప్పు కూడా చేరింది. చెక్క ఇళ్ళు, గడ్డి కప్పులున్న పల్లెలో ఒక్క నిప్పురవ్వ చాలు కదా. కాలుతున్న ఇంటి మీద నీళ్ళు కుమ్మరిస్తున్న సెయింట్ ఫ్లోరియన్ విగ్రహాలు అందుకే ఇక్కడ అన్ని ఉన్నాయి.

విజయనగరం నుంచి:
'గాలి' మార్చకండి బాబూ. మనకీ "గాలి సోకింది" అని ఉంది. వాతం కూడా గాలే. పైగా పోలిష్‌లో గాలిని 'వ్యాతర్' అంటారని విన్నాను, మన వాయువు, వాతం వచ్చిన మూలం నుంచే అదీ వచ్చింది.

అడిగినవారు:
అవునండీ, నిప్పుకి వాళ్ళ 'ఓగ్యెన్' కూడా మన అగ్నికి చుట్టమే. ఒక్క తేడా: మన గాలి సోకడంలో దయ్యం ఉంటుంది, వీళ్ళ గాలిలో రోగం ఉంది. అయినా చదివేవాడు ఒక్క క్షణం ఆగి "గాలేమిటి?" అనుకోవాలి, నేను బస్టాపులో అనుకున్నట్టు. గత్తర అన్నా తెగులు అన్నా ఆ ఆగడం పోతుంది. గాలే ఉంచుతాను.

గుంటూరు నుంచి:
ఆ వాక్యం తర్వాత ఇంకేమైనా ఉందా?

అడిగినవారు:
రాయి మీద లేదు, ఇవే మాటలతో చర్చిలో పాడే పాటలో ఉంది. "అనుకోని ఆకస్మిక మరణం నుంచి మమ్మల్ని కాపాడు" అని. పాపాలు ఒప్పుకోకుండా పోవడమంటే వీళ్ళకి భయం. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు చర్చిల్లో మళ్ళీ ఈ పాటే పాడారు. రెండేళ్ళకి పక్కనే ఉక్రెయిన్‌లో యుద్ధం. పెద్దావిడ ఆ నాలుగో మాట మీద పేరుకున్న నాచుని చాకుతో గీకుతుంటే చూశాను. ఏమీ అడగలేదు.

విజయనగరం నుంచి:
"అకాలమృత్యు హరణం" అంటూ మనకి తీర్థం పోస్తారు కదా, అదే భయం.

కరీంనగర్ నుంచి:
గత్తర ఓడింది, ఒప్పుకున్న. కానీ ఆ 'ప్రభూ' బాలేదు, పుస్తకం మాటలా ఉంది.

అడిగినవారు:
మంచి పాయింటు. 'పాన్' అంటే దేవుడే కాదు, బస్సు డ్రైవర్‌నీ అలాగే పిలుస్తారు, 'పానియే' అని. రెండుచోట్లా సరిపోయేది మనకి 'అయ్యా' ఒక్కటే అనిపిస్తోంది. 'విడిపించు' బదులు 'గట్టెక్కించు' పెట్టి చూశాను:

గాలి నుంచి, ఆకలి నుంచి, నిప్పు నుంచి, యుద్ధం నుంచి మమ్మల్ని గట్టెక్కించవయ్యా.

'ఆకలి' ఉంచనా, 'కరువు' అననా?