వేరుశనగలో అఫ్లాటాక్సిన్: ఒకే లాటుకు ఎలీసాలో రెండు ఫలితాలు ఎందుకు?

అనంతపురం జిల్లాలో మా రైతు సంఘం వేరుశనగ గింజలు ఏరి, చిక్కీలు చేసేవారికి అమ్ముతుంది. పంపే ముందు ఎలీసా కిట్‌తో (విషాన్ని పట్టుకునే యాంటీబాడీలతో, రంగును బట్టి దాన్ని కొలిచే పరీక్ష) మేమే అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల గింజల్లో చేరే విషం) పరీక్షిస్తున్నాం. ఈసారి ఒకే లాటులోని ఒక నమూనా కిలోకు 6 మైక్రోగ్రాములు చూపిస్తే, మరొకటి 22 చూపించింది. నేరుగా తినే గింజలకు మన దేశంలో పరిమితి 10, ఇంకా శుద్ధి చేయాల్సిన వాటికి 15. పిల్లలు తినే సరుకు కాబట్టి సగటు లెక్కగట్టి పంపేయడానికి మనసు ఒప్పడం లేదు. లాటును ఆపేశాం.

గింజలు పొడి చేసి, 70 శాతం మిథనాల్‌లో బాగా కుదిపి, వడకట్టి, పలుచన చేసి కిట్ ప్లేటులోని చిన్న గుంటల్లో పోస్తున్నాం. ఇది పోటీ పద్ధతి కిట్. విషం ఎక్కువ ఉంటే రంగు తగ్గుతుంది. ప్రామాణిక ద్రావణాల (విషం ఎంతుందో ముందే తెలిసినవి) రేఖ సరిగ్గానే ఉంది, ఒకే సారాన్ని రెండు గుంటల్లో పోస్తే రీడింగులు కలుస్తున్నాయి. అందుకే నా అనుమానం యాంటీబాడీ మీద కాదు, నమూనా మీద. ఆస్పర్జిల్లస్ బూజు అన్ని గింజలకూ సమానంగా పట్టదు; కొద్దిపాటి చెడ్డ గింజల్లోనే విషమంతా పేరుకుంటుంది.

ఈ పని చేసిన అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి. వంద బస్తాల లాటుకు ఎన్ని బస్తాల నుంచి, మొత్తం ఎన్ని కిలోలు తీస్తున్నారు? అదంతా ఒకేసారి పొడి చేస్తారా, నీటితో ముద్దగా రుబ్బుతారా? గింజలోని నూనె రీడింగును మార్చకుండా ఏం చేస్తున్నారు? పరిమితికి దగ్గరగా వచ్చిన ఫలితాన్ని హెచ్‌పీఎల్‌సీతో (ద్రావణంలోని పదార్థాలను విడదీసి కొలిచే ల్యాబు పద్ధతి) నిర్ధారించుకోవాలంటే, ల్యాబుకు గింజలు పంపాలా, మేము చేసిన పొడిలోనే భాగం పంపాలా?